డోనట్‌లో చుక్క: రిఫ్లెక్టర్ టెలిస్కోప్ అద్దాలు మీరే సరిచేసుకోవడం ఎలా

టెలిస్కోప్ కొన్న కొత్తలో చాలామంది ఫోన్ చేసి చెప్పే మాట ఒకటే. "చంద్రుడు బ్రహ్మాండంగా ఉన్నాడండీ, శనిగ్రహమే మసక మసగ్గా ఉంది. అద్దం నాసిరకంది అంటగట్టారేమో." నేను ముందు అడిగేది, ఇంటికి ఎలా తెచ్చారని. కొరియర్లో వచ్చిందనో, బైకు మీద ఒళ్లో పెట్టుకుని తెచ్చామనో అంటారు. అలాంటప్పుడు అద్దాన్ని తిట్టుకోకండి. కుదుపులకి స్క్రూలు కాస్త కదిలి, లోపలి రెండు అద్దాలూ తలో దిక్కు చూస్తూ ఉంటాయి. వాటిని మళ్లీ ఒక దారికి తేవడాన్నే కొలిమేషన్ అంటారు. పేరు విని భయపడే పని కాదు. మొదటిసారి గంట పడుతుంది, అలవాటయ్యాక రెండు నిమిషాలు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. స్క్రూలు ఎంత తప్పుగా తిప్పినా టెలిస్కోప్ పాడవదు, మళ్లీ సరిచేసుకోవచ్చు. పాడయ్యేది అద్దం మీద ఏదైనా పడితేనే. నేను ఈ రెండో పని కూడా చేశాను, ఆ కథ తర్వాత.

లోపల ఏం జరుగుతోంది

ట్యూబ్ అడుగున గుంటగా ఉండే పెద్ద అద్దం ఉంటుంది. దీన్ని ప్రైమరీ అంటారు. నోటి దగ్గర సన్నని రేకుల మధ్య వేలాడే చిన్న అద్దం సెకండరీ. ఆ రేకుల చట్రాన్ని స్పైడర్ అంటారు. నక్షత్రం వెలుతురు నోట్లోంచి దిగి, పెద్దద్దం మీద పడి, కుదించుకుంటూ వెనక్కి వస్తుంది. 45 డిగ్రీలు వాలి ఉన్న చిన్నద్దం దాన్ని పక్కకి మళ్లించి, లోపలికీ బయటికీ జరిగే ఫోకసర్ గొట్టంలోంచి మీ ఐపీస్‌లోకి, అంటే కన్ను పెట్టి చూసే లెన్స్‌లోకి, పంపుతుంది. 1668లో న్యూటన్ చేసిన మొదటి టెలిస్కోప్‌లోనూ ఇదే ఏర్పాటు. అందుకే ఈ రకానికి ఇప్పటికీ న్యూటోనియన్ అనే పేరు.

కాబట్టి సరిచేయాల్సినవి మూడే. చిన్నద్దం ఫోకసర్‌కి ఎదురుగా ఉందా? చిన్నద్దం వాలు పెద్దద్దం వైపు సరిగ్గా ఉందా? పెద్దద్దం తిరిగి ఐపీస్ మధ్యకే చూస్తోందా? ఈ వరస మార్చకూడదు. కొత్తవాళ్లు పడే కష్టంలో సగం వరస తప్పడం వల్లే వస్తుంది.

మీ టెలిస్కోప్ ఎంత పట్టింపు మనిషి?

ట్యూబ్ మీద చీటీ చూడండి. ఫోకల్ లెంగ్త్‌ని, అంటే పెద్దద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటిదాకా ఉన్న దూరాన్ని, అద్దం వ్యాసంతో భాగిస్తే ఎఫ్ సంఖ్య వస్తుంది. 114 మిల్లీమీటర్ల అద్దం, 900 ఫోకల్ లెంగ్త్ అయితే దాదాపు ఎఫ్8. 130, 650 అయితే ఎఫ్5. ఎఫ్8 టెలిస్కోప్‌లో బొమ్మ స్పష్టంగా ఉండే నడిమి చోటు సుమారు 11 మిల్లీమీటర్ల వెడల్పు. ఎఫ్5లో అది మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ చోటు ఐపీస్ మధ్యలో పడకపోతే, మీరు చూసేదంతా పక్కనున్న మసక భాగమే. అంచేత ఎఫ్8 వాళ్లు ఉజ్జాయింపుగా చేసినా నడిచిపోతుంది, ఎఫ్5 వాళ్లకి ఓపిక కావాలి.

ఇంకో రెండు రకాలున్నాయి. బాగా చవకలో వచ్చే 76 మిల్లీమీటర్ల వాటిలో కొన్నింటికి పెద్దద్దం వెనక స్క్రూలే ఉండవు. దాని జోలికి వెళ్లకండి, చిన్నద్దం మాత్రం సరిచేసుకుని తృప్తిపడండి. రెండోది: ట్యూబ్ అర మీటరు పొడవే ఉంటుంది, చీటీ మీద మాత్రం ఫోకల్ లెంగ్త్ 1000 అని ఉంటుంది. అంటే ఫోకసర్ లోపలి చివర ఒక లెన్స్ దాచి ఉంచారన్నమాట. ఈ రకాన్ని బర్డ్-జోన్స్ అంటారు. ఆ లెన్స్ అడ్డుండగా కింద చెప్పే బొమ్మలేవీ సరిగ్గా కనపడవు, లేజర్ కూడా అబద్ధం చెబుతుంది. లెన్స్ మరతో ఊడొచ్చేదైతే తీసి, అద్దాలు సరిచేసి, మళ్లీ బిగించండి. ఊడనంటే బలవంతం చేయకుండా, చివర్లో చెప్పే నక్షత్ర పరీక్షతోనే సరిపెట్టుకోండి.

కావాల్సినవి

వేలు పోసి కొనాల్సిందేమీ లేదు. చిన్నద్దం స్క్రూలకి సరిపోయే అలెన్ కీ లేదా స్టార్ స్క్రూడ్రైవర్ కావాలి. అలెన్ కీ అయితే ఎక్కువగా 2 మిల్లీమీటర్లదే పడుతుంది. రెండు రంగుల కాగితాలు, ఇంకా ఒక కన్నం మూత.

ఈ మూతే అసలు పనిముట్టు. ఫోకసర్‌కి దుమ్ము పడకుండా ఇచ్చే ప్లాస్టిక్ మూత తీసుకోండి. అచ్చు పోసిన చోట దాని నడిమధ్య చిన్న బొడిపె లాంటిది ఉంటుంది. లేకపోతే స్కేలుతో రెండు గీతలు గీసి కేంద్రం పట్టుకోండి. దబ్బనం కొస కాల్చి అక్కడ రెండు మిల్లీమీటర్ల కన్నం పెట్టండి. మూత లోపలి వైపు, అంటే ట్యూబ్‌లోకి చూసే వైపు, చాక్లెట్ మీది వెండి కాగితం అంటించి దానికీ అదే కన్నం పొడవండి. ఇది మెరుస్తుంటేనే లోపల దాని ప్రతిబింబం మీకు తెలుస్తుంది. నా మొదటి మూతకి కన్నం ఒక మిల్లీమీటరు పక్కకి పోయింది. ఏమిటో ఎంత తిప్పినా కుదరడం లేదని మూడు రాత్రులు తల బద్దలు కొట్టుకున్నాను. మూతని ఫోకసర్‌లో ఉంచి గుండ్రంగా తిప్పి చూడండి. లోపలి బొమ్మ తిరిగేకొద్దీ కదులుతుంటే మూత తప్పు, పారేసి ఇంకోటి చేయండి.

పెద్దద్దం మధ్యలో గుర్తు

ట్యూబ్ నోట్లోంచి తొంగి చూస్తే పెద్దద్దం నడిమధ్య చిన్న రింగో చుక్కో కనపడుతుందా? కనపడితే ఈ భాగం వదిలేయండి.

లేకపోతే వెనక వైపు స్క్రూలు తీసి అద్దాన్ని దాని గిన్నెతో సహా బయటికి తీయాలి. గుండె కొంచెం దడదడలాడుతుంది, ఫర్వాలేదు. ఉంగరాలు, వాచీ తీసేయండి. అద్దం ముఖాన్ని వేళ్లతో ముట్టుకోకండి, అంచులు పట్టుకోండి. గిన్నెకీ ట్యూబ్‌కీ కలిపి పెన్సిల్‌తో ఒక గీత గీసి ఉంచుకుంటే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు. అద్దం అంత కాగితం గుండ్రంగా కత్తిరించి నాలుగు మడతలు పెట్టి విప్పితే మడతలు కలిసిన చోటే కేంద్రం. అక్కడ చిన్న కన్నం చేసి, కాగితాన్ని అద్దం మీద నెమ్మదిగా పరిచి, అంచులు సరిచూసుకుని, కన్నంలోంచి మార్కర్‌తో ఒక చుక్క పెట్టండి. కాగితం తీసేసి, ఆ చుక్క చుట్టూ రింగ్ స్టిక్కర్ అంటించండి. స్టేషనరీ షాపులో పంచింగ్ కన్నాలు చిరగకుండా అంటించే గుండ్రటి స్టిక్కర్లు దొరుకుతాయి చూడండి, అవే. అచ్చం డోనట్‌లా, సరిగ్గా మనకి కావాల్సిన సైజులో ఉంటాయి.

అద్దం మీద స్టిక్కరేమిటని కంగారు పడకండి. ఆ నడిమి భాగం ఎలాగూ చిన్నద్దం నీడలోనే ఉంటుంది. దానివల్ల బొమ్మకి వచ్చే నష్టమేమీ లేదు.

తిరిగి బిగించేటప్పుడు అద్దాన్ని పట్టి ఉంచే క్లిప్పులు చూడండి. అద్దానికీ క్లిప్పుకీ మధ్య పల్చటి కాగితం దూరేంత సందు ఉండాలి. ఇవి గట్టిగా నొక్కేస్తే నక్షత్రాలు మూడు మూలలుగా కనపడతాయి, దానికి ఏ కొలిమేషనూ మందు కాదు.

పని మొదలు

పగలు, నీడపట్టున చేయండి. ఎండ పొరపాటున కూడా ట్యూబ్‌లోకి పడకూడదు. పెద్దద్దం సూర్యుడి వెలుతురుని ఒక్క చోటికి చేర్చిందంటే కాగితం అంటుకుంటుంది, కన్ను పోతుంది. నోటిని వెల్ల వేసిన గోడ వైపు తిప్పి పెట్టుకుంటే లోపలికి చక్కని వెలుతురు వస్తుంది.

ట్యూబ్‌ని స్టాండ్ మీద అడ్డంగా, నేలకి సమాంతరంగా ఉంచండి. వీలైతే నోరు ఒక పిసరు కిందికే. ఇక్కడే నా కథ. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 130 మిల్లీమీటర్ల టెలిస్కోప్, డాబా మీద ఆకాశం వైపు నిటారుగా నిలబెట్టి, చిన్నద్దం స్క్రూ తిప్పుతున్నాను. అలెన్ కీ వేళ్ల మధ్యనుంచి జారింది. ట్యూబ్ గోడకి ఒకసారి తగిలిన చప్పుడు, ఆ తర్వాత అడుగున టింగుమని ఇంకో చప్పుడు. టార్చి వేసి చూడటానికి ఐదు నిమిషాలు ధైర్యం చాలలేదు. అంచు దగ్గర వడ్లగింజంత గీత పడింది, ఇప్పటికీ ఉంది. ఆ గీతతోనే గురుగ్రహం పట్టీలు శుభ్రంగా చూస్తున్నాను గానీ, అప్పట్నుంచి అలెన్ కీకి దారం కట్టి మణికట్టుకి ముడేసుకుంటున్నాను.

ఒకటి: చిన్నద్దం ఫోకసర్‌కి ఎదురుగా

ట్యూబ్ లోపల, ఫోకసర్‌కి ఎదురు గోడ మీద తెల్ల కాగితం పెట్టండి. రెండు అద్దాలకీ మధ్య రంగు కాగితం అడ్డుపెట్టండి, నేనైతే ఎర్రది వాడతాను. దీనివల్ల పెద్దద్దం ప్రతిబింబం కనపడకుండా పోయి, కంటిని గందరగోళపెట్టే బొమ్మలన్నీ మాయమవుతాయి. ఇప్పుడు కన్నం మూతలోంచి చూడండి. తెల్లటి నేపథ్యంలో ఎర్రటి బిళ్ల ఒకటి కనపడాలి. అదే చిన్నద్దం. అది గుండ్రంగా ఉండాలి, ఫోకసర్ గొట్టం అంచుకి సరిగ్గా మధ్యలో ఉండాలి. ఫోకసర్‌ని బయటికో లోపలికో జరిపితే గొట్టం అంచు బిళ్ల అంచుకి దగ్గరగా వస్తుంది, పోల్చడం తేలికవుతుంది.

బిళ్ల ట్యూబ్ పొడవునా, అంటే నోటి వైపో అడుగు వైపో జరిగి ఉంటే నడిమి పెద్ద స్క్రూతో పని. ముందు దాని చుట్టూ ఉన్న మూడు చిన్న స్క్రూలనూ రెండేసి చుట్లు వదులు చేయండి. ఒక చేత్తో చిన్నద్దం వెనకనున్న పిడిని పట్టుకుని, రెండో చేత్తో నడిమి స్క్రూ తిప్పండి. బిగిస్తే అద్దం నోటి వైపు వస్తుంది, వదిలితే అడుగు వైపు పోతుంది. పిడి పట్టుకోకుండా తిప్పితే అద్దం గుండ్రంగా తిరిగిపోతుంది, మరీ వదిలేస్తే ఊడి చేతిలోకే వస్తుంది.

బిళ్ల గుండ్రంగా కాక కోడిగుడ్డులా ఉంటే చిన్నద్దం మెలి తిరిగిందని అర్థం. పిడి పట్టుకుని ఇసుమంత తిప్పుతూ, గుండ్రంగా కనపడినచోట ఆపండి.

ఇక్కడ ఎక్కువ రోజులు గడపకండి. చాలామంది ఈ మెట్టు దగ్గరే వారాలు వారాలు కూర్చుంటారు, ఒక మిల్లీమీటరు అటా ఇటా అని. చిన్నద్దం ఒక పిసరు పక్కకి ఉంటే, చూపులో ఒక అంచున వెలుతురు కాస్త తగ్గుతుంది, అంతే. బొమ్మ పదును దీని మీద పెద్దగా ఆధారపడదు. కంటికి బాగుందనిపిస్తే ముందుకి పదండి.

రెండు: చిన్నద్దం వాలు

ఎర్ర కాగితం తీసేయండి. ఇప్పుడు మూతలోంచి చూస్తే ఒకదానిలో ఒకటి చాలా వలయాలు కనపడి కంగారు పుడుతుంది. బయటినుంచి లోపలికి చదవండి. అన్నిటికన్నా బయట ఫోకసర్ గొట్టం అంచు. దాని లోపల చిన్నద్దం అంచు. దాని లోపల పెద్దద్దం ప్రతిబింబం, చుట్టూ దాన్ని పట్టుకున్న మూడు క్లిప్పులు. దాని లోపల స్పైడర్ రేకులతో సహా చిన్నద్దం నల్లటి నీడ. ఆ నీడలో వెండి మెరుపుతో మీ మూత. దాని మధ్యలో నల్లటి చుక్క, అంటే మీ కన్నం. కాస్త పరకాయించి చూస్తే మీ కనుపాపే అక్కడినుంచి మిమ్మల్ని చూస్తున్నట్టుంటుంది.

ఈ మెట్టులో పట్టించుకోవాల్సింది ఒక్క పెద్దద్దం ప్రతిబింబాన్నే. నీడ ఎక్కడుందో, చుక్క ఎక్కడుందో ఇప్పుడు వద్దు. మూడు క్లిప్పులూ సమానంగా కనపడాలి. కొన్నింటిలో క్లిప్పులు ఒక రింగు కింద దాగి ఉంటాయి, అప్పుడు పెద్దద్దం అంచు చుట్టూ సమాన ఎడం ఉందో లేదో చూడండి. ఒక క్లిప్పు కనపడకపోతే చిన్నద్దం దాని వైపు తక్కువగా చూస్తోందన్నమాట.

నడిమి స్క్రూ చుట్టూ ఉన్న మూడు చిన్న స్క్రూలతో ఇది సరిచేస్తారు. ఒకటి బిగించాలంటే ముందు మిగతా రెండిట్లో ఒకదాన్ని కాస్త వదలాలి. ఒకసారికి పావు చుట్టు, అంతకన్నా వద్దు. ఏ స్క్రూ తిప్పితే బొమ్మ ఎటు పోతుందో మొదట్లో ఎవరికీ తెలియదు, తిప్పి చూసి నేర్చుకోవడమే. మూడూ చివరికి బిగువుగా ఉండాలి గానీ బలమంతా పెట్టకండి. అతిగా బిగిస్తే స్క్రూ కొనలు మెత్తటి ప్లాస్టిక్‌లో గుంటలు చేసుకుంటాయి, ఇకముందు ఎప్పుడు తిప్పినా ఆ గుంటల్లోకే జారిపోతాయి.

మూడు: పెద్దద్దం

ఇదే అసలైన పని, తరచూ చేయాల్సిందీ ఇదే. బొమ్మ పదునంతా దీని చేతిలో ఉంది. ట్యూబ్‌ని ఇప్పుడు ఆకాశం చూసే వాలులోకి, ఓ 45 డిగ్రీలకి ఎత్తండి. అడ్డంగా ఉన్నప్పుడూ ఎత్తినప్పుడూ అద్దం గిన్నెలో ఒక్కోలా కూర్చుంటుంది. ఇక నోటి దగ్గర పనిముట్లతో పని లేదు కాబట్టి ఎత్తినా భయం లేదు.

ట్యూబ్ వెనక ఆరు స్క్రూలుంటాయి, మూడు జతలుగా. జతలో ఒకటి అద్దాన్ని వాల్చేది, దానికి లోపల స్ప్రింగ్ ఉంటుంది. రెండోది తాళం లాంటిది, కదలకుండా పట్టి ఉంచుతుంది. ఏది ఏదో కంపెనీని బట్టి మారుతుంది. తిప్పినప్పుడు మెత్తగా, స్ప్రింగ్ ఎదురొత్తినట్టు ఉంటే అది వాల్చేది. ఊరికే వచ్చి టక్కున ఆగిపోతే తాళం. తాళాలు మూడూ వదులు చేయండి.

మూతలోంచి చూడండి. డోనట్ స్టిక్కర్ ఎక్కడుంది, మెరిసే మూత మధ్యలోని నల్ల చుక్క ఎక్కడుంది? చుక్క వచ్చి డోనట్ కన్నంలో కూర్చోవాలి. చేయాల్సిందంతా ఇదే.

చిక్కేమిటంటే కన్ను ఒక చివర, స్క్రూలు ఇంకో చివర. పొడుగు ట్యూబ్ అయితే చెయ్యి అందదు. ఇద్దరుంటే హాయి. మా ఇంట్లో నేను వెనక కూర్చుని స్క్రూ పట్టుకుంటాను, మా అమ్మాయి మూత దగ్గర కన్ను పెడుతుంది.

"నాన్నా, చుక్క కుడికి పోవాలి."

"ఎవరి కుడి, నీదా నాదా?"

"చుక్క కుడి!"

మొదటి రోజు ఇలా పావుగంట కొట్టుకున్నాం. అద్దంలో కుడెడమలు తారుమారు కాబట్టి ఎవరి కుడీ పనికిరాదు. తర్వాత మూడు స్క్రూల పక్కన మార్కర్‌తో ఒకటి, రెండు, మూడు అని రాశాం. ఒక్కోటీ పావు చుట్టు తిప్పినప్పుడు చుక్క గడియారంలో ఎన్ని గంటల వైపు నడిచిందో ఒక చీటీ మీద రాసుకున్నాం. ఆ చీటీ ఇప్పటికీ ఐపీస్ డబ్బాలో ఉంది. "ఒకటి కొంచెం బిగించు, ఆపు, సగం వెనక్కి" అంటే చాలు.

చుక్క డోనట్‌లోకి వచ్చాక తాళాలు బిగించాలి. చాలామంది ఇక్కడే చేతికొచ్చినదాన్ని పోగొట్టుకుంటారు. ఒక తాళాన్ని పూర్తిగా బిగించి తర్వాత రెండోదానికి వెళ్లకండి. మూడిటినీ మార్చి మార్చి, కొంచెం కొంచెంగా, చుక్కని చూస్తూనే బిగించండి. వేళ్ల బిగువు చాలు. కొందరు చుక్క కొంచెం పక్కన ఉండగానే ఆపి, ఆ మిగిలిన కాస్తా తాళం బిగింపుతోనే లాక్కొస్తారు. చెయ్యి తిరిగాక మీరూ అలా చేస్తారు.

ఇప్పుడు మరోసారి మొత్తం బొమ్మ చూడండి. చిన్నద్దం నల్లటి నీడ సరిగ్గా మధ్యలో లేకుండా పెద్దద్దం వైపు కొద్దిగా జరిగినట్టు కనపడుతోందా? ఎఫ్5లాంటి వాటిలో అది అలాగే ఉండాలి, తప్పేమీ లేదు. దాన్ని మధ్యలోకి తెద్దామని మళ్లీ చిన్నద్దం జోలికి వెళ్లారో, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

లేజర్ సంగతి

మార్కెట్లో లేజర్ కొలిమేటర్లు దొరుకుతాయి. ఫోకసర్‌లో పెట్టి వెలిగిస్తే ఎర్ర చుక్క పెద్దద్దం మీద పడుతుంది. చిన్నద్దం స్క్రూలతో దాన్ని డోనట్‌లోకి తెచ్చి, తర్వాత పెద్దద్దం స్క్రూలతో వెనక్కి వచ్చే కిరణాన్ని లేజర్ కన్నంలోకే పంపాలి. చీకట్లో ఒక్కరే చేసుకోవచ్చు, బాగానే ఉంటుంది. కానీ చవక లేజర్ తనే వంకరగా ఉండొచ్చు. కొనగానే గోడకి ఐదారు మీటర్ల దూరంలో, రెండేసి మేకులు వేసిన చెక్క మీద పడుకోబెట్టి గుండ్రంగా దొర్లించండి. చుక్క గోడ మీద కదలకుండా ఉంటే మంచిది, సున్నా చుడితే దాన్ని నమ్మకండి. ఐపీస్ ముందు పెట్టి పవర్ పెంచుకునే బార్లో లెన్స్ ఉంటే లేజర్‌ని దానిలో పెట్టి వెలిగించి, వెనక్కి వచ్చే డోనట్ నీడని లేజర్ ముఖం మధ్యలోకి తెచ్చుకోవచ్చు. ఈ పద్ధతిలో లేజర్ కాస్త వంకరగా ఉన్నా పెద్దద్దం సరిగ్గానే కుదురుతుంది. కిరణం వెలుగుతుండగా ట్యూబ్ నోట్లోకి తొంగి చూడకండి, పిల్లల్ని చూడనివ్వకండి.

నా మాట అడిగితే, మొదటి ఏడాది కన్నం మూతే వాడండి. దాంతో మీకు లోపల ఏముందో తెలుస్తుంది. లేజర్ ఆ పరిచయం ఇవ్వదు.

నక్షత్రంతో సరిచూసుకోవడం

రాత్రి టెలిస్కోప్‌ని కనీసం అరగంట, వీలైతే గంట ముందే డాబా మీద పెట్టేయండి. గది వేడి అద్దంలో ఉండగా ఏ నక్షత్రమూ నిలకడగా కనపడదు, మీ కొలిమేషన్ తప్పేమో అని అనవసరంగా టెన్షన్ పడతారు.

ఏ నక్షత్రం? పుస్తకాలన్నీ ధ్రువ నక్షత్రం అంటాయి, అది కదలదు కాబట్టి. కానీ ధ్రువుడి ఎత్తు మీరున్న ఊరి అక్షాంశమంతే. హైదరాబాద్‌లో 17 డిగ్రీలు, తిరుపతిలో 14కి కూడా రాదు. అంత కిందన గాలి నీళ్లలా అలలాడుతుంది, పైగా పక్కింటి ట్యాంకు అడ్డం. అమెరికాలో న్యూజెర్సీలో ఉన్నవాళ్లకి అదే 40 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, వాళ్లు హాయిగా వాడుకోవచ్చు. మనం తల మీదికి వచ్చే మధ్యస్థ వెలుగు చుక్కని ఎంచుకోవాలి. వేసవి సాయంత్రాల్లో ఉత్తర ఫల్గుణి, చలికాలంలో ఒరాయన్ అనే వేటగాడి నక్షత్ర మండలం నడుంపట్టీలోని మధ్య చుక్క బాగుంటాయి. మోటార్ లేని స్టాండ్ అయితే చుక్క జారిపోతూనే ఉంటుంది, ఓపిగ్గా మళ్లీ మళ్లీ మధ్యకి తెచ్చుకోండి.

మొదట తక్కువ పవర్ ఐపీస్‌తో చుక్కని మధ్యలోకి తెచ్చి, తర్వాత అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దాదాపు అన్ని రెట్ల పవర్ వచ్చే ఐపీస్ పెట్టండి. 130కి 130 రెట్లు. ఫోకస్‌ని ఇసుమంత తప్పించండి. చుక్క ఉబ్బి, ఒకదాని చుట్టూ ఒకటిగా సన్నని వలయాలు కనపడతాయి, చెరువులో రాయి వేస్తే వచ్చే అలల్లా. అవన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉంటే మీ పని అయిపోయింది. ఒక వైపు ఇరుకై, ఇంకో వైపు పలచబడి విస్తరించి ఉంటే పెద్దద్దం ఇంకా కొంచెం కదలాలి.

ఏ స్క్రూనో తెలుసుకోవడానికి ఒక చిట్కా. ఫోకస్ ఇంకా తప్పించి, చెయ్యిని ట్యూబ్ నోటి అంచున పెట్టండి. వెలుగు బిళ్లలో చేతి నీడ పడుతుంది. చెయ్యిని అంచు చుట్టూ తిప్పుతూ, వలయాలు ఇరుకైన వైపుకి నీడ వచ్చినచోట ఆపండి. అక్కడికి దగ్గరగా ఉన్న స్క్రూ, లేదా దానికి సరిగ్గా ఎదురు దిక్కునున్నది మీకు కావాల్సింది. ఎనిమిదో వంతు చుట్టు తిప్పి చూడండి. తిప్పగానే చుక్క పక్కకి పోతుంది. దాన్ని మళ్లీ చూపు మధ్యకి తెచ్చాకే వలయాలు చూడాలి, ఇది మర్చిపోతే రాత్రంతా తిప్పుతూనే ఉంటారు. ఎఫ్5లో పక్కనున్న చుక్క ఎప్పుడూ వంకరగానే కనపడుతుంది. మెరుగైతే అదే దిక్కున ఇంకాస్త, చెడితే వెనక్కి.

వలయాలు మరుగుతున్న నీళ్లలా కుతకుతలాడుతూ అసలు నిలవకపోతే ఆ రాత్రి గాలి బాగోలేదు. స్క్రూలు ముట్టుకోకుండా చంద్రుణ్ణి చూసి పడుకోండి.

నలుగురు మనుషులున్న ఇంట్లో ఈ గోల అంతా చూసి ఎవరో ఒకరు నవ్వుతారు. వాళ్లకి జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ గురించి చెప్పండి. దాని పెద్దద్దం 18 ముక్కలు. 2022 ఫిబ్రవరిలో దాన్ని మొదట సప్తర్షి మండలంలోని ఒక్క నక్షత్రం వైపు తిప్పితే, బొమ్మలో ఆ నక్షత్రం 18 చోట్ల కనపడింది. ఒక్కో ముక్కనీ వాల్చి, జరిపి, ఆ 18 చుక్కల్నీ ఒక్కటి చేయడానికి వారాలు పట్టింది. మనకి ఉన్నవి మూడు స్క్రూలే.

ఎప్పుడెప్పుడు చేయాలి

ఆకాశం చూసే ప్రతి రాత్రీ పెద్దద్దాన్ని మూతతో ఒకసారి తనిఖీ చేయండి. కారులో ఊరి బయటికి తీసుకెళ్లినప్పుడు తప్పనిసరిగా చేయాలి. చాలాసార్లు ఒక స్క్రూ ఎనిమిదో వంతు తిప్పితే సరిపోతుంది. చిన్నద్దం ఒకసారి కుదిరితే నెలలు కదలదు. దాన్ని ఊరికే కెలకకండి, వర్షాకాలం తర్వాత మొదటిసారి బయటికి తీసినప్పుడు ఒక చూపు చూస్తే చాలు.

అద్దం మీద దుమ్ము కనపడుతోందని ప్రతిసారీ తుడవకండి. దుమ్ము కన్నా తుడిచిన గీతలే ఎక్కువ చేటు. తీరప్రాంతంలో ఉండేవాళ్లకి తేమతో మరకలు పడతాయి. పని అయ్యాక మంచు పట్టిన అద్దానికి వెంటనే మూత పెట్టేయకుండా, ట్యూబ్ నోరు కిందికి వాల్చి గదిలో ఆరనిచ్చి, ఆ తర్వాత మూత పెట్టండి. కన్నం మూతని మాత్రం అలెన్ కీతో కలిపి ఒకే డబ్బాలో వేసుకోండి. నాది రెండుసార్లు చాక్లెట్ కాగితం అనుకుని ఊడ్చేశారు.